హైదరాబాద్ పోలీసులు గెలిచిన రోవర్స్ కప్

రోవర్స్ కప్ 1891లో బొంబాయిలో మొదలైన ఫుట్‌బాల్ పోటీ. నాకౌట్ పద్ధతి, అంటే ఒక్క ఆట ఓడితే ఇంటిదారే. సంక్రాంతికి మాడుగుల వైపు ఊళ్లలో జరిగే కబడ్డీ పోటీలు చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. తొలి దశాబ్దాల్లో కప్పు బ్రిటిష్ పటాలాల చేతుల్లోనే తిరిగింది. 1937లో ఆ వరుసను తెంచి బెంగళూరు ముస్లిమ్స్ జట్టు దాన్ని గెలిచింది.

తెలుగునేలకు ఆ కప్పు తెచ్చినవారు హైదరాబాద్ సిటీ పోలీసులు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు వారే విజేతలు. ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగమే జీవనాధారం. ఇప్పటి కోట్ల బేరాల కాలంలో ఇది నమ్మశక్యంగా ఉండదు. జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. బంతిని కాళ్ల దగ్గర అట్టే ఉంచుకోకుండా చిన్న చిన్న పాసులతో కదిలించడం, రెండు కాళ్లతోనూ ఆడటం ఆయన నేర్పిన విద్య. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు.

1957లో సిటీ పోలీసులు మళ్లీ రోవర్స్ గెలిచారు. మరో ఫుట్‌బాల్ పోటీ అయిన డ్యూరాండ్ కప్పూ వారికి దక్కింది. రహీమ్ 1963లో కన్నుమూశారు. ఆయన పోయాక, 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు రాష్ట్రాల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రోవర్స్ పోటీ కొత్త శతాబ్దం తొలినాళ్లలో ఆగిపోయింది.