పాత ఊపిరి గొట్టాలు - పరిరక్షణలో నీతి

పాత వస్తువులను దాచుకోవడంలోని మంచిచెడ్డల గురించి మనం చేసే చర్చ సాధారణంగా తాళపత్రాల దగ్గరో, గుడి శిల్పాల దగ్గరో ఆగిపోతుంది. తాళపత్రాన్ని చెదలు తింటే ఒక గ్రంథం పోతుంది. అది నష్టమే, సందేహం లేదు. కాని చదివేవాడి ప్రాణం దానితోబాటు పోదు. శిథిలమవుతున్న వస్తువు మీదనే మనిషి ప్రాణం ఆధారపడినప్పుడు ఈ చర్చ ఏ రూపం తీసుకుంటుంది? ఈ ప్రశ్న కోసం నేనొక చిన్న వస్తువును ఎన్నుకున్నాను. 1950లలో, 60లలో సముద్రంలో మునిగి ఈదేవాళ్ళు వాడిన ఊపిరి యంత్రం అది. ఫ్రాన్సులోను, ఇంగ్లండులోను, అమెరికాలోను ఆ పాత యంత్రాలను సేకరించి, బాగుచేసుకుని, నేటికీ వాటితోనే నీటిలోకి దిగే ఔత్సాహికులున్నారు. వారికి నిద్ర లేకుండా చేసేది అందులోని ఇత్తడి కాదు, రబ్బరు.

యంత్రం సంగతి కాస్త చెప్పుకోకపోతే ప్రశ్న బోధపడదు. జర్మనుల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో పెట్రోలుకు కటకట వచ్చి, కార్లను గ్యాసుతో నడుపుకున్న రోజులవి. ఇంజనుకు ఎంత కావాలో అంత గ్యాసే అందించే వాల్వు ఒకటి ఎమిల్ గన్యా అనే ఇంజనీరు తయారుచేశాడు. ఈతగాడు పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చే సాధనం కోసం వెతుకుతున్న జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి ఆయన దగ్గరకు వెళ్ళాడు. కారు వాల్వు మనిషి ఊపిరికి పనికొచ్చింది. 1943 తొలి రోజుల్లో మార్న్ నదిలో పరీక్షించి చూస్తే, నిలువుగా ఉన్నప్పుడు గాలి ఊరికే బుడగలై పోయింది. తలకిందులైతే పీల్చడమే కష్టమైంది. విడిచిన గాలి బయటికిపోయే చోటు, గాలిని అందించే చోటు వేర్వేరు ఎత్తుల్లో ఉండటమే దోషమని తేలింది. రెండింటినీ ఒక్కచోట చేర్చారు. ఆ యంత్రాలకు రెండు గొట్టాలుండటానికి కారణమిదే. మెడ వెనుక సిలిండరు మీద ఉన్న డబ్బా నుంచి ఒక గొట్టం నోటికి గాలి తెస్తుంది, రెండోది విడిచిన గాలిని మళ్ళీ ఆ డబ్బాకే చేరుస్తుంది.

డబ్బా లోపల డయాఫ్రం అనే పలుచని రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఈతగాడు గాలి పీల్చగానే బయటి నీటి ఒత్తిడి ఆ బిళ్ళను లోపలికి నొక్కుతుంది. బిళ్ళ మీటను నొక్కుతుంది. మీట వాల్వును తెరుస్తుంది. విడిచిన గాలిని పోనిచ్చి నీటిని రానివ్వకుండా బాతుముక్కు ఆకారంలో మరో రబ్బరు మూత ఉంటుంది. వీటికితోడు ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు గొట్టాలు రెండు, పళ్ళమధ్య కరిచిపట్టే రబ్బరు ముక్క ఒకటి. ఇత్తడి డబ్బాను శుభ్రంగా ఉంచుకుంటే మన మనవల కాలానికీ ఉంటుంది. రబ్బరులో మాత్రం ఏది చిరిగినా లోపలికి వచ్చేది నీరే.

రబ్బరు ఎందుకు చెడుతుంది? కాలేజీ ఆఫీసులో పదేళ్ళనాటి కాగితాల కట్టను విప్పినవాళ్ళకు ఇది కొత్త విషయం కాదు. దాని చుట్టూ వేసిన రబ్బరు బ్యాండు ఒకచోట జిగురై కాగితానికి అంటుకుపోయి ఉంటుంది, మరోచోట పెళుసై తాకగానే తెగుతుంది. రబ్బరు అణువులు పొడవైన గొలుసులు. ఆ గొలుసుల్లోని ద్విబంధాల ఆధారంగానే గంధకం వాటిని ఒకదానికొకటి ముడివేస్తుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనైజేషను సారమంతా ఇదే. ఎండకు కరగని, చలికి బిగిసిపోని రబ్బరు ఆ విధంగా మనకు దక్కింది. ఐతే ఆ ద్విబంధాల దగ్గరే గాలిలోని ఓజోను గొలుసును తెంపుతుంది. గంధకం ఏ తలుపు గుండా వచ్చి బలమిచ్చిందో, ఆ తలుపు గుండానే నాశనమూ వస్తుంది. ఆక్సిజన్ పని మరొకటి: కొన్నిచోట్ల గొలుసుల్ని తెంపి జిగురు చేస్తుంది, కొన్నిచోట్ల అతిగా ముడివేసి గట్టిపరుస్తుంది. రాగి సమ్మేళనాలు తగిలితే ఇది మరింత వేగంగా సాగుతుంది. డబ్బా ఇత్తడిది, ఇత్తడిలో రాగి ఉంటుంది. యంత్రంలోని ఒక భాగం మరొక భాగానికి శత్రువన్నమాట.

దీన్ని నెమ్మదింపచేయవచ్చును గాని ఆపడం సాధ్యం కాదు. ఉప్పునీటి నుంచి తీయగానే మంచినీటితో కడగాలి, నీడలో ఆరబెట్టాలి, టాల్కు పొడి చల్లి చల్లని చీకటి చోట ఉంచాలి. మడవకూడదు, మేకుకు వేలాడదీయకూడదు, ఎందుకంటే ఓజోను దెబ్బ సాగి ఉన్న రబ్బరు మీదనే పడుతుంది, పగుళ్ళు సాగిన దిక్కుకు అడ్డంగా వస్తాయి. నిప్పురవ్వలు లేచే విద్యుత్ మోటార్లు ఓజోనును పుట్టిస్తాయి గనక వాటి దగ్గర పెట్టకూడదు. వాజలీనూ, పెట్రోలియం నూనెలూ పూస్తే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడి చెడుతుంది. రాయవలసివస్తే పలుచగా సిలికోను గ్రీజు రాయాలి. ఇవన్నీ మంచి పనులు. ఇంతవరకు ఎవరికీ తగువు లేదు.

తగువు ఆ తర్వాత మొదలవుతుంది. పాత గొట్టానికి మెరుగు ద్రవం పూసి తుడిస్తే నిన్న దుకాణంలో కొన్నట్టు నల్లగా నిగనిగలాడుతుంది. వింటర్‌గ్రీన్ తైలం వంటివి పట్టిస్తే గట్టిపడిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. చూసేవాడికి యౌవనం తిరిగివచ్చినట్టే ఉంటుంది. కాని తెగిన గొలుసు ఒక్కటీ అతకలేదు. తైలం ఆవిరైపోయాక పాత సంగతి మళ్ళీ బయటపడుతుంది. ముడతల గొట్టంలో పగుళ్ళు ముడతల లోయల్లో దాగి ఉంటాయి, చేత్తో సాగదీసి వెలుతురులో చూస్తే తప్ప కనిపించవు. మెరుగు పెట్టేవాడు ఆ లోయల్నే మొదట నింపుతాడు. దీనికి పరిరక్షణ అనే గౌరవప్రదమైన పేరు పెట్టడం నాకు సమ్మతం కాదు. బాగుచేయడం వేరు, బాగున్నట్టు చూపడం వేరు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, దానిని తేలికగా తోసివేయడానికి లేదు. ప్రాణం నాది, గొట్టం నాది, పది అడుగుల లోతులో ఈదుకుంటాను, నీకేమి నష్టం అని అడిగేవాడున్నాడు. పది అడుగుల లోతన్నది భ్రమ. ఒత్తిడి గాలి పీల్చినవాడు కొద్ది అడుగుల నుంచి ఊపిరి బిగపట్టి పైకొచ్చినా ఊపిరితిత్తులు చిట్లవచ్చు. నోట్లోకి హఠాత్తుగా నీళ్ళు వస్తే మనిషి చేసేది ఊపిరి బిగపట్టి పైకి లేవడమే. ఇది శరీరశాస్త్రం. ఇక నీతి సంగతి. నీటిలోకి ఒంటరిగా దిగవద్దని, జతగా దిగమని ఈతగాళ్ళకు మొదట నేర్పుతారు. ఇతని గొట్టం చిరిగినప్పుడు తన గాలిని పంచుకోవలసినవాడు పక్కనున్నవాడు. అతనికి ఈ రబ్బరు వయస్సు ఎవరైనా చెప్పారా? ‘నా ప్రాణం నా ఇష్టం’ అన్న మాట ఒడ్డున నిలబడి చెప్పినంత సులభంగా నీటిలో చెల్లదు.

రెండో ఆక్షేపణ సేకర్తలది. అసలు రబ్బరు తీసి కొత్త సిలికోను భాగం వేస్తే అది 1955 నాటి యంత్రం ఎలా అవుతుంది? పలకలన్నీ మార్చిన ఓడ పాత ఓడేనా అని గ్రీకులు వేసుకున్న ప్రశ్న ఇది. మన ఇళ్ళలో దీనికి ఎప్పుడో జవాబు చెప్పేశారు. కుక్కరు గ్యాస్కెట్టు వదులైతే కొత్తది కొనుక్కొస్తారు. అమ్మ కుక్కరు అమ్మ కుక్కరుగానే ఉంటుంది. గ్యాసు పొయ్యి ట్యూబు ఫలానా ఏటిదాకానే పనికొస్తుందని దాని మీదే అచ్చువేస్తారు. అరిగేదని తెలిసే, మార్చడానికి వీలుగా చేసిన భాగాలివి. ఊపిరి యంత్రం తయారుచేసినవాళ్ళూ రబ్బరును అలాగే చూశారు. పైగా ఆ యంత్రం పుట్టిందే మరోదాని కోసం చేసిన వాల్వును మనిషి అవసరానికి మలుచుకోవడంలోంచి. దానికి విధేయంగా ఉండాలంటే దానిచేత ఊపిరి పీల్పించాలి. సిలికోను గొలుసులో సిలికానూ ఆక్సిజనూ ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి, ఓజోను పట్టుకునే ద్విబంధం ఆ గొలుసులో లేదు. ఔత్సాహికులే అచ్చులు పోయించి, ఆ పదార్థంతో డయాఫ్రంలూ, బాతుముక్కులూ, గొట్టాలూ చేయించుకున్నారు. ఇది మోసం కాదు, ప్రశంసించదగిన పని. పాత భాగం ఇక్కడ నమూనాగా అక్కరకొస్తుంది. ఐతే ముడుచుకుపోయిన బిళ్ళను కొలిస్తే ముడుచుకుపోయిన కొలతే వస్తుంది. లోహపు డబ్బాలో దాని కోసం తొలిచిన గాడిని కొలిచినవాడు తెలివైనవాడు.

అలాగైతే తీసేసిన రబ్బరును పారేయవచ్చునా? ఇక్కడ నేను సేకర్తల పక్షానే మాట్లాడతాను. వారు చెప్పే కారణం వేరు, నాది వేరు. వారికి అది ‘అసలు సరుకు’, వేలంలో ధర పెంచేది. నాకు అది పని. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి డెబ్బయి వేల రబ్బరు విత్తనాలు లండన్‌లోని క్యూ తోటకు చేర్చాడు. అందులో మొలిచిన కొద్ది వేల మొక్కల సంతతే సింహళంలో, మలయాలో తోటలై విస్తరించింది. ఆ తోటల్లోకి వెళ్ళిన కూలీల్లో తమిళులు ఎక్కువమంది, మన తెలుగు జిల్లాలవాళ్ళూ ఉన్నారు. తెల్లవారకముందే లేచి చెట్టు బెరడు మీద సన్నగా గాటు పెట్టి, పాలు పట్టే చిప్ప కట్టాలి. ఎండ ఎక్కితే పాలు కారడం తగ్గిపోతుంది. ఫ్రెంచివాళ్ళ తోటలు ఇండోచైనాలో ఉండేవి. అక్కడి ఫూ రియెంగ్ తోటలో 1930లో కూలీలు సమ్మె కట్టారు. మార్న్ నదిలో ఒక ఫ్రెంచివాడు నీటిలో తొలి ఊపిరి పీల్చిన ఆ 1943లోనే, జపాను ఏలుబడిలో ఉన్న మలయా తోటల నుంచి భారతీయ కూలీలను సయాం-బర్మా రైలుమార్గం పనికి తోలుకుపోయారు. తిరిగిరానివారు ఎందరో.

సేకర్త చేతిలోని ఫలానా గొట్టం ఏ తోట చెట్టుదో ఎవరూ చెప్పలేరు, చెప్పాలని ప్రయత్నించడం బూటకం. గొట్టం మీద తయారీదారు ముద్ర ఉంటుంది, పాలు తీసినవాడి ముద్ర ఉండదు. కూస్తో పేరు ప్రపంచమంతా తెలుసు, గన్యా పేరు కొందరికి తెలుసు, గాటు పెట్టినవాడి పేరు తోట హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. అతని పనికి మిగిలిన రుజువు ఈ పగిలిన రబ్బరే. అందుకే దాన్ని చెత్తబుట్టలో వేయడానికి నాకు చేయి రాదు. ఒకరి నోటికి తగిలించడానికి అంతకంటే రాదు.

తీసిన భాగాన్ని టాల్కు చల్లి, మెత్తని ప్లాస్టిక్కు తగలకుండా కాగితంలో చుట్టి, యంత్రంతోబాటు అదే పెట్టెలో ఉంచాలి. దానికి ఒక చీటీ కట్టాలి: ఇది ఏ భాగం, ఏ సంవత్సరంలో తీశారు, ఎందుకు తీశారు, దీని స్థానంలో వేసింది దేనితో చేసింది. యంత్రం చేతులు మారినప్పుడు చీటీ కూడా మారాలి; చీటీ లేని యంత్రాన్ని కొన్నవాడు మెరుగును నమ్మక గొట్టాన్ని సాగదీసి చూసుకోవాలి. కొత్తగా వేసిన సిలికోను గొట్టం మీద కూడా, ఎవరికీ కనిపించని లోపలి అంచున, వేసిన సంవత్సరం రాసిపెట్టడం మంచిది.