మద్దెల నిజంగానే ఓడైతే?

'ఆడలేక మద్దెల ఓడు' అన్నది మనకు సామెత కన్నా తీర్పులాగే ఎక్కువ పనికొస్తుంది. ఆ మాట ఒకసారి పడ్డాక ఎదుటి మనిషి ఇంక నోరెత్తడు. ఈ సామెత విన్నప్పుడల్లా నాకొక సందేహం వస్తుంది. ఇంతకీ ఆ మద్దెలని ఎవరైనా వాయించి చూశారా? ఆడే మనిషి ఫిర్యాదు చేసింది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, మద్దెల దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లినట్టు లేదు. ఫిర్యాదు చేయడమే ఆమెకు ఆట రాదనడానికి రుజువైపోయింది.

పనిముట్టుని తప్పుపట్టే హక్కు మనిషికి ఎప్పుడొస్తుంది? తప్పు చేతిదా చేతిలో ఉన్నదానిదా అని తేల్చడమెలా? చూడ్డానికి చిన్న ప్రశ్నే గానీ, పరీక్ష తప్పిన పిల్లాడి దగ్గర్నుంచి పంట పోయిన రైతు దాకా మనం రోజూ ఇచ్చే తీర్పులన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి. నేను దీన్ని నా దగ్గరున్న ఒక చవక వాయిద్యం సాయంతో ఆలోచిస్తాను. అది ఫ్రెట్‌లెస్ బేస్ గిటార్, అంటే మెట్లు లేని బేస్.

మెట్లు అన్నది మనకు కొత్త మాటేం కాదు. వీణకు మెట్లుంటాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య చేతిలోని కిన్నెరని పన్నెండు మెట్ల కిన్నెర అనే అంటాం. తీగని ఎక్కడ నొక్కితే ఏ స్వరం పలకాలో మెట్టు ముందే తేల్చిపెడుతుంది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ఎలక్ట్రిక్ బేస్‌కి 'ప్రెసిషన్' అని పేరు పెట్టడానికి కారణం అదే. అంతకుముందు బేస్ అంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేస్. దానికి మెట్లుండవు, ఎక్కడ నొక్కాలో చెవీ చెయ్యే చూసుకోవాలి. ఫెండర్ మెట్లు పెట్టి ఆ భారం దించాడు. ఫ్రెట్‌లెస్ బేస్ ఆ భారాన్ని మళ్లీ ఎత్తుకుంటుంది. ఎందుకంటే రెండు మెట్ల మధ్య ఉండేవన్నీ మనకి తిరిగి దొరుకుతాయి. జారుడు, ఊగుడు, గమకం, అన్నీ.

ఎంత భారమో లెక్క చూద్దాం. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు ఉండాల్సిన చోటు నట్ నుంచి దాదాపు 48 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ వేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే స్వరం రెండు సెంట్లు తప్పుతుంది. అదే 12వ మెట్టు చోటైతే నాలుగు సెంట్లు. (అరస్వరానికి వంద సెంట్లు.) వేలి కొన వెడల్పే మిల్లీమీటర్లలో రెండంకెలు ఉంటుంది కాబట్టి ఆ వేలిలో ఏ భాగం ఆనిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మెట్లున్న బేస్ మీద శ్రుతి తప్పితే వాయిద్యాన్ని అనుమానించొచ్చు. మెట్లు లేనిదాని మీద తప్పితే లోకం మొత్తం వాయించేవాడి వైపే చూస్తుంది. సామెత చెప్పినట్టే.

నా బేస్ పద్నాలుగు వేలకి వచ్చింది. ఎక్కువగా బాన్సువాడలో మా ఇంట్లో ఉంటుంది. పండగలకీ వారాంతాలకీ వచ్చినప్పుడు మేడ మీద గదిలో వాయించుకుంటాను. నిజాంసాగర్ కాలువ నీళ్లతో పండే వరి మధ్య ఉన్న మా ఊళ్లో బ్యాండ్ మేళం వాళ్లున్నారు, భజన మండళ్లున్నాయి. బేస్ తీగలు మాత్రం తెప్పించుకోవాల్సిందే. దీన్ని శ్రుతిలో వాయించడం కష్టంగా ఉన్నప్పుడు నేను నా ఉద్యోగంలో రోజూ చేసే పనే చేశాను. ఒకసారికి ఒకటే మార్చు, మిగతావి కదపకు, తేడా రాసుకో. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని డీబగ్గింగ్ అంటారు. మెకానిక్‌లు ఆ పేరు లేకుండానే చేస్తారు.

మొదటిది నట్. తీగలు తల దగ్గర ఆనే చిన్న పట్టీ అది. చవక బేస్‌లలో చాలాసార్లు దాన్ని ప్లాస్టిక్‌తో చేసి, గాళ్లు లోతుగా తీయకుండా వదిలేస్తారు. గాళ్లు ఎత్తుగా ఉంటే దానికి దగ్గరగా నొక్కినప్పుడు తీగ ఎక్కువ సాగుతుంది, స్వరం పైకి పోతుంది. వేలు సరైన చోటే ఉన్నా సరే. మూడు వందల రూపాయల ఎముక నట్, సన్నటి ఆకురాయి, ఒక మధ్యాహ్నం. ఆ తర్వాత మొదటి రెండు స్వరాలు ఉండాల్సిన చోటికి వచ్చాయి. అంటే మద్దెల కొంత ఓడే.

రెండోది తీగలు. గరుకు చుట్టు ఉన్న రౌండ్‌వౌండ్ తీగలు మెట్లు లేని చెక్కని ఆకురాయిలా అరగదీస్తాయి. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేశాను. చెక్క బతికింది. శబ్దంలో మెరుపు కొంచెం తగ్గింది. శ్రుతి మాత్రం ఏమీ మారలేదు. ఇక్కడ మద్దెల తప్పు లేదు.

మూడోది హమ్, ఆ గుయ్‌మనే చప్పుడు. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్‌లో లావు తీగ మీద మూడో మెట్టు చోట పలికే జీ స్వరం 49 హెర్ట్జ్. అంటే మన ఇళ్లలో కరెంటు ఎప్పుడూ ఒక తప్పుడు జీ పలుకుతూనే ఉంటుంది, 35 సెంట్లు ఎక్కువగా. దాని పక్కన అసలు జీ పట్టుకోవాలంటే చెవి అటే లాగుతుంది. బజార్లో టీవీలు బాగుచేసే ఒకాయన బేస్ వెనక మూత తీసి, లోపలంతా రాగి రేకు అతికించి, రెండు వైర్లు సోల్డర్ చేసిచ్చాడు. చప్పుడు సగం తగ్గింది. తర్వాత అదే బేస్, అదే కేబుల్, అదే యాంప్లిఫయర్ హైదరాబాద్‌లో నా ఫ్లాట్‌కి తీసుకెళ్లి పెడితే మిగిలిన సగంలో చాలామటుకు పోయింది. కారణం మా ఇంటి గోడలో ఉంది. త్రీపిన్ సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక వైరు లేదు. ఎంత రాగి చుట్టినా అది చివరికి భూమిని చేరకపోతే పని సగమే అవుతుంది.

సామెతలో లేని మూడో మనిషి ఇక్కడ కనపడ్డాడు. సామెతకి తెలిసింది ఇద్దరే, ఆడేవాళ్లూ మద్దెలా. వాళ్లు నిలబడ్డ నేల సంగతి అందులో లేదు. మా మేడ గదిలో బేస్ నేర్చుకునే పిల్లాడూ సికింద్రాబాద్‌లో మంచి ఎర్తింగ్ ఉన్న క్లాసులో నేర్చుకునే పిల్లాడూ ఒకే బేస్ కొనుక్కుని, ఒకే గంటలు సాధన చేస్తారనుకుందాం. వాళ్లిద్దరికీ వినపడేది ఒకే జీ కాదు. ఆర్నెల్ల తర్వాత ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే 'వీడికి చెవి ఉంది, వాడికి లేదు' అనేస్తాం. గోడలో లేని వైరు ఆ గదిలోకి రాదు కాబట్టి దాని మాట ఎవరూ ఎత్తరు.

కాబట్టి పనిముట్టు మీద ఫిర్యాదు దానంతటది సిగ్గుపడాల్సిన విషయం కాదు. వాయిద్యాల చరిత్ర చాలావరకు అలాంటి ఫిర్యాదుల చరిత్రే. వీణకు మెట్లని మైనంలో నిలబెడతారు. కాలం గడిచేకొద్దీ అవి జరుగుతాయి, మళ్లీ మేళం కట్టించాలి. మేళం కట్టించుకునే వైణికురాలిని ఆడలేక మద్దెల ఓడంటోందని ఎవరూ అనరు. బిల్ వైమన్ రోలింగ్ స్టోన్స్‌లో చేరకముందు, 1961లో, ఒక చవక బేస్ కొని, అరిగిన మెట్లు పీకేసి కొత్తవి వేద్దామనుకుని, లేకుండానే బాగుందని అలాగే వదిలేశానని చెప్పుకున్నాడు. జాకో పాస్టోరియస్ చేతిలోని 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కి మెట్లు తీసిన గాళ్లని పూడ్చి, గరుకు తీగలకి చెక్క అరిగిపోకుండా పడవలకి వాడే ఎపాక్సీ పూశారు. 1976లో వచ్చిన అతని మొదటి ఆల్బమ్‌తో ప్రపంచం ఫ్రెట్‌లెస్‌ని వినే తీరే మారింది. ఈ వాయిద్యం కథలో మొదట్నుంచీ అదనుకు తగ్గట్టు మార్చుకున్నవాళ్లే ఉన్నారు.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు, మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి కావాల్సిన సాగుడూ గమకమూ దాని మీద పలకడం కష్టం. ఆయన వాడింది ఎలక్ట్రిక్ మాండొలిన్. జతలకి బదులు ఐదు ఒంటి తీగలు. ఆ సంగీతం వరకూ పాత మాండొలిన్ నిజంగా ఓడు మద్దెలే. ఆ మాట ఒప్పుకుని, దాన్ని మార్చి, ఆ పైన చేయాల్సిన సాధనంతా చేశాడు. మార్పుకీ సాధనకీ మధ్య గొడవేం రాలేదు.

ఇంతవరకూ నేను మద్దెల తరఫున కాకుండా ఆడే మనిషి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. అవతలి పక్షం కూడా గట్టిదే. పద్నాలుగు వేల బేస్‌కి పదివేల పికప్‌లు, ఆరువేల బ్రిడ్జ్, నాలుగువేల ట్యూనర్లు వేసే సరదా నా తరం వాళ్లందరికీ తెలుసు. కెమెరా, సైకిల్, కీబోర్డ్, కాఫీ మిషన్, ఏదైనా కావచ్చు. కొత్త పార్ట్ వచ్చిన వారం సాధన బాగా సాగుతుంది, తర్వాత ఇంకో పార్ట్ కోసం వెతుకులాట మొదలవుతుంది. ప్రతి మార్పుకీ ఒక న్యాయమైన కారణం చూపించొచ్చు. సామెత పుట్టింది ఇలాంటివాళ్లని చూసే అయ్యుంటుంది.

ఈ రెంటినీ విడదీసే గీత డబ్బులో లేదని నాకనిపిస్తుంది. నట్ మార్చిన తర్వాత ఏం జరిగిందో చూడండి. అంతకుముందు స్వరం తప్పితే వేలిదా నట్‌దా అని వాదించుకునే అవకాశం ఉండేది. ఆ తర్వాత ఆ అవకాశం పోయింది. తప్పితే వేలిదే. ఆ మూడు వందలు నా బాధ్యతని పెంచాయి. దీనికి ఎదురుగా కోరస్ పెడల్ ఉంది. శబ్దాన్ని రెండుగా చేసి, ఒకదాని శ్రుతిని కొంచెం అటూఇటూ ఊపి కలిపేస్తుంది. ఫ్రెట్‌లెస్ మీద అది అందంగా ఉంటుంది, చాలామంది గొప్పవాళ్లు వాడారు. కానీ నేర్చుకునేవాడి చేతిలో అది పది సెంట్ల తప్పుని మబ్బులో దాచేస్తుంది. వాయిద్యం తియ్యగా మారింది, వాయించేవాడి బాధ్యత తగ్గింది.

కాబట్టి ఒక మార్పు గురించి అడగాల్సింది ఇది: దీని తర్వాత నాకు నెపం మిగులుతుందా, పోతుందా? నెపాన్ని తీసేసే మార్పు సాధనలో భాగం. నెపాన్ని కప్పిపెట్టే మార్పుకి ఎంత ఖర్చు పెట్టినా అది సాధనకి వెలుపలే ఉంటుంది. రెండు వైపులా కాని మార్పులూ ఉంటాయి, రంగు మార్చడం లాంటివి. సరదాకి ఏ సంజాయిషీ అక్కర్లేదు, దాన్ని సాధన అని పిలవకుండా ఉంటే చాలు.

'కళాకారుడికి పరికరంతో పనేముంది, వెదురుబొంగు ఇచ్చినా పలికిస్తాడు' అనే మాట నాకు నచ్చనిది ఇందుకే. ఆ మాట ఎక్కువగా మంచి పరికరం ఉన్నవాళ్ల నోటే వింటాం. వెదురుబొంగుని వేణువు చేసేటప్పుడు ఎక్కడ రంధ్రం పెట్టాలో కొలిచి, కాల్చి, సరిచేసుకున్న మనిషి ఆ మాట అనడు.

వాయిద్యం నుంచి మనుషుల దగ్గరికి వస్తే చిక్కు పెరుగుతుంది. బేస్‌ని రెండు ఊళ్లకి మోసుకెళ్లి పోల్చి చూడొచ్చు. మనిషిని అలా చూడలేం. తెలుగు మీడియంలో చదివి క్యాంపస్ ఇంటర్వ్యూలో తడబడిన కుర్రాడిది అతని తప్పెంత, బడిదెంత, ఇంటిదెంత? ఒకసారికి ఒకటే మార్చి చూసే వీలు ఆ జీవితంలో లేదు. ఒక్కసారే జరుగుతుంది, అన్నీ కలిసే జరుగుతాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి వినపడేది తప్పిన స్వరం ఒక్కటే.

దీనికి తేలికైన నియమం ఒకటి తడుతుంది. ఎదుటివాళ్ల విషయంలో ముందు మద్దెల చూడాలి, మన విషయంలో ముందు మన కాళ్లు చూసుకోవాలి. వినడానికి బాగుంది, నేనూ కొంతకాలం ఇదే సరిపోతుందనుకోవచ్చు. కానీ తమ కాళ్లనే చూసుకుంటూ పెరిగిన మనుషులు నాకు తెలుసు. మా బంధువుల్లో ఒకావిడ లెక్కలు తనకి రావనే నమ్మకంతోనే నలభై ఏళ్లు గడిపింది. ఆమె చదివిన మూడేళ్లూ ఆ బడిలో లెక్కల టీచర్ పోస్టు ఖాళీ. ఆమె ఆ మాట తనంతట తను ఎప్పుడూ అనలేదు. అడిగితే చెప్పింది, అదీ ఏదో సాకు చెబుతున్నట్టు గొంతు తగ్గించి. అలాంటి మనిషికి వినయం ఇంకా నేర్పాల్సిన పని లేదు. మద్దెలని ఒకసారి చేతిలోకి తీసుకుని వాయించి చూడమని ఎవరైనా చెప్పుండాల్సింది.

అందుకని నియమం కన్నా అలవాటే మేలేమో. ఫిర్యాదు విన్నప్పుడు, అది ఎవరిదైనా, మనదైనా, నవ్వేముందు వెళ్లి చూడటం. చూస్తే కొన్నిసార్లు మద్దెల బాగానే ఉంటుంది. అప్పుడు సామెత నిజమైనట్టే, ఇంక సాధన చేసుకోవడమే. మా ఇంటి వెనక గుంట తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి ఎర్తింగ్ వేయించడానికి ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడాను. వరికోతలయ్యాక వస్తానన్నాడు. అది పూర్తయిన రోజు నుంచి ఆ గదిలో తప్పిన ప్రతి జీ నాదే అవుతుంది.