గోడ లోపలి తీగ

టీవీ గోడకెక్కాక దాని కింద వైరు వేలాడితే ఇప్పుడెవరూ ఒప్పుకోవడం లేదు. ఎలక్ట్రీషియన్‌ని, గోడ కొట్టక తప్పదు. టీవీ వెనక నుంచి స్విచ్‌బోర్డు దాకా నిట్టనిలువుగా గాడి కొట్టి, పీవీసీ పైపు దించి, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లు లాగి, పైన సాకెట్ బిగిస్తాను. ఫేజు, న్యూట్రలు, ఎర్తుకి పచ్చది. హెచ్‌డీఎంఐకి వేరే పైపు. టీవీతో వచ్చిన తీగనే సిమెంటులో పూడ్చెయ్యమంటారు కొందరు. ఆ పని మాత్రం చెయ్యను. అది పాడైతే బయటికి లాగే దారుండదు.

ఇలా కనబడకుండా లోపలుండే తీగ నాకు బృహదారణ్యక ఉపనిషత్తుని గుర్తుచేస్తుంది. అందులో, జనకుడి సభలో, ఉద్దాలక ఆరుణి యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు: ఈ లోకాన్నీ పై లోకాన్నీ కలిపి గుచ్చిన దారమేది, లోపలుండి నడిపేవాడు, అంతర్యామి, ఎవరు అని. దారం వాయువన్నాడాయన. నడిపేవాడు భూమిలో ఉంటాడు, భూమికి తెలియడు. కంటిలో ఉంటాడు, కంటికి తెలియడు. మా గుళ్లో ప్రవచనం చెప్పే పంతులుగారు దీనికి కరెంటునే ఉదాహరణగా చూపిస్తారు. నాకది పూర్తిగా రుచించదు. కరెంటుని టెస్టరు పట్టిస్తుంది, మీటరు లెక్క కడుతుంది. యాజ్ఞవల్క్యుడు చెప్పినవాడు చూసేవాడే తప్ప కనబడేవాడు కాడు. టెస్టరులో లైటు వెలిగిందని చూసేదీ ఆయనే మరి!

పైగా అంతర్యామి దాగి ఉంటే ఎవరికీ ముప్పు లేదు. 230 వోల్టులు దాగితే ఉంది. రేపెవరో వెంకన్న పటం తగిలిద్దామని సరిగ్గా అక్కడే మేకు కొడతారు. అందుకే ప్లాస్టరింగుకి ముందే గాడి పక్కన కొలత టేపు పెట్టి ఫొటో తీసి ఇంటివాళ్ల ఫోనుకి పంపిస్తాను. "మాకెందుకయ్యా ఇది" అంటారు. ఇల్లు అమ్మితే కొన్నవాళ్లకి కూడా పంపమంటాను.