చూసింది రాయాలా, రావలసింది రాయాలా?

మా తరగతిలో స్మార్ట్ బోర్డు పెట్టినప్పటి నుంచి సైన్సు పీరియడ్ అంటే అందరికీ ఇష్టం. గుండె కొట్టుకోవడం, గ్రహాలు తిరగడం కళ్ల ముందే కనిపిస్తాయి. 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగిందని హోసూరులో కూర్చొని తెర మీదే కదా తెలుసుకున్నాం! కాబట్టి కొత్త పరికరాలు వద్దని నేను అనను. దూరంగా ఉన్నవి అవి బాగా చూపిస్తాయి. దగ్గర ఉన్నవాటి సంగతే వేరు. కెలవరపల్లి డ్యామ్ దగ్గర నురుగు వీడియోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి, ఆ నీళ్ల వాసన మాత్రం అక్కడికి పోతేనే తెలుస్తుంది.

నేను చెప్పాలనుకున్నది ఒక ఆకు గురించి.

కిరణజన్య సంయోగక్రియ పాఠానికి ముందురోజు వీడియో చూశాం. తెలుగులో వెతికితే మాకు సరైనది దొరకలేదు. తమిళంలో 'ఒళిచ్చేర్క్కై' అని వెతికితే దొరికింది. పరీక్షకు తెలుగు పేరు, వీడియోకు తమిళం పేరు, పెద్ద క్లాసుకు ఇంగ్లీషు పేరు. మా ఊరి పిల్లలకు ఇది మామూలే. మొక్కను రెండు రోజులు చీకట్లో పెట్టి, ఆకులో కొంత భాగానికి నల్ల కాగితం చుట్టి, ఎండలో ఉంచాలి. తర్వాత ఆకును నీళ్లలో, స్పిరిట్‌లో ఉడికించి, అయోడిన్ వేయాలి. వెలుతురు తగిలిన చోట పిండిపదార్థం ఉంటుంది కాబట్టి నీలి నలుపు అవుతుంది. కాగితం కింద కాదు.

మేం చేస్తే ఆకంతా నల్లబడింది, కాగితం కింద కూడా. అంతలో బెల్లు కొట్టేశారు. మేమంతా నోటులో వీడియోలో వచ్చిందే రాశాం. ఒక్క అబ్బాయి మాత్రం "ఆకు మొత్తం నల్లబడింది" అని రాశాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

మేడం మా నోట్లకు టిక్కులు పెట్టుకుంటూ పోయి, అతని దగ్గర ఆగారు. "అందరూ ఒకే ఆకు చూశారు కదా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. చివరికి వరండాలో ఊడుస్తున్న ఆయమ్మ చెప్పింది: "సెట్టు సీకట్లో వాడిపోతా ఉండాదని నేనే దినమూ ఎండలో పెట్టినా మేడం." అంటే ఆకులో ముందున్న పిండిపదార్థం ఖర్చు కాలేదు. ఆకు తప్పు చేయలేదు. ఆ ఒక్కడూ చూసింది రాయకపోతే ఇది మాకు తెలిసేదే కాదు.

నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. "పుస్తకంలో ఉన్నది నిజమే కదా? నిజం రాస్తే అబద్ధం ఎట్లా అవుతుంది?" అంది. నాకు జవాబు దొరకలేదు. రాత్రి నాన్నను అడిగాను. ఆయన సిప్‌కాట్‌లో పీసుల కొలతలు చూసే పని చేస్తారు. "డ్రాయింగులో 12 మిల్లీమీటర్లు ఉంటుందిరా. పీసు 12.1 వస్తే నేను 12 అని రాశాననుకో, డ్రాయింగు నిజమే, నా రిజిస్టరే అబద్ధం. ఆ పీసు రేపు ఎవరి బండిలోనో ఉంటుంది" అన్నారు.

నోటులో ఆ పేజీ మీద 'పరిశీలన' అని ఉంది, 'సమాధానం' అని లేదు. అన్ని ఆకుల గురించీ నేను రాసింది నిజమే కావచ్చు, నా ఆకు గురించి మాత్రం కాదు. రేలీ అనే శాస్త్రవేత్తకు గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తీసినదానికంటే కొద్దిగా బరువు తూగింది. ఆయన సర్ది రాసుకోలేదు. తేడా ఎందుకో తెలియడం లేదని 1892లో పత్రికలో అచ్చు వేయించాడు. 1894లో ఆర్గాన్ బయటపడింది.

అయినా ఒక మాట పెద్దవాళ్లను అడగాలని ఉంది. వీడియోలాగా రాస్తే టిక్కు, చూసినట్టు రాస్తే ఇంటూ అయితే, మేం ఏది రాస్తాం? ఆ రోజు మాకు భయం మార్కులదే, ఆకుది కాదు.

తర్వాతి వారం మళ్లీ చేశాం. ఈసారి బీరువాకు ఆయమ్మే కాపలా. అయోడిన్ వేశాక మేడం ఫోనుతో ఆకును ఫోటో తీశాం. కాగితం కింద గోధుమ రంగు, చుట్టూ నలుపు. కాని అంచు వీడియోలో ఉన్నట్టు గీత గీసినట్టు లేదు, మసకగా ఉంది. బహుశా కాగితం సరిగ్గా అంటుకోలేదేమో. మసకగా ఉందనే రాశాను. పాత పేజీ చింపలేదు, దానిమీద అడ్డంగా ఒక గీత కొట్టాను. కింద అక్షరాలు ఇంకా కనిపిస్తాయి.