గుప్పెడు గోధుమలు



తపస్సుకాలంలో మూసారాంబాగ్‌లో ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. "ఫాదర్, నానమ్మను మట్టిలో పెట్టారు గదా, మరి ఎట్లా లేస్తుంది?" అని ఏడేళ్ళ పాప అడిగింది. గురువిద్యాలయంలో చదివిన తత్వశాస్త్రం అక్కరకు రాలేదు. మట్టల ఆదివారం నాడు ఇద్దరం కుండీలో గుప్పెడు గోధుమలు చల్లాం. రోజూ నీళ్ళు చిలకరించడం తన వంతు. విభూది బుధవారం నుండి మనం పాడని 'అల్లెలూయ'ను రంగులతో రాసి పెట్టెలో దాచమన్నాను.

పాస్కా జాగరణ రాత్రి పెట్టె తెరిచి పాడేసరికి కుండీ నిండా పచ్చని మొలకలు! పాప మట్టి గోకి చూసి, "పొట్టే ఉంది ఫాదర్, గింజ లేదు" అన్నది. "పోలేదమ్మా, మారింది" అన్నాను. యోహాను 12:24లో ప్రభువు చెప్పినది ఇదే.

పిల్లలకు ఈ కాలాన్ని 40 రోజుల 'వద్దు'గా మిగల్చకండి. విత్తనివ్వండి, ఎదురుచూడనివ్వండి.