వెళ్ళినవాణ్ణి ఎవరో ఒకరు పిలవాలి



'ఇన్‌సిడియస్' చూసి లైటు ఆర్పకుండా పడుకున్నవాళ్ళు మనలో ఉన్నారు కదా! జేమ్స్ వాన్ 2010లో సుమారు 15 లక్షల డాలర్లతోనే తీసిన సినిమా అది. డాల్టన్ అనే పిల్లవాడు నిద్రలో దేహం వదిలి తిరుగుతుంటాడు. అదంతా కలే అనుకుని చాలా దూరం వెళ్ళిపోతాడు. ఖాళీగా ఉన్న ఆ దేహంలో దూరాలని ప్రేతాలు కాచుకుని ఉంటాయి.

శంకర విజయంలోనూ ఇలాంటి ఘట్టం ఉంది. శంకరులు తమ దేహాన్ని గుహలో శిష్యులకి అప్పగించి, చనిపోయిన అమరుక మహారాజు దేహంలో ప్రవేశించారు. గడువు దాటినా తిరిగి రాలేదు. అప్పుడు శిష్యులు గాయకుల వేషంలో ఆస్థానానికి వెళ్ళి, పాటలో తత్త్వం వినిపించి, ఆయనెవరో ఆయనకే గుర్తుచేశారు.

గమనించారా? రెండు కథల్లోనూ చిక్కు ఒక్కటే. వెళ్ళినవాడికి తాను వెళ్ళానన్న సంగతే గుర్తులేదు.

మనకి పరకాయ ప్రవేశం రాదు. కానీ రాత్రి రెండింటికి ఫోన్ చూస్తున్నప్పుడు దేహం మంచం మీద, మనసు ఇంకెవరి జీవితంలోనో ఉంటాయి. ఆ ఖాళీలోకి అసూయ, కోపం, భయం వచ్చి కూర్చుంటాయి.

డాల్టన్ కోసం తండ్రి వెళ్ళాడు. శంకరుల కోసం శిష్యులు వెళ్ళారు. పక్క గదిలోంచి అమ్మ "ఇంకా పడుకోలేదా నాన్నా" అంటే విసుక్కోకండి. మీ కోసం వచ్చిన పిలుపు అది. ఫోన్ పక్కన పెట్టి, ఇష్టదైవాన్ని ఒక్కసారి తలుచుకుని పడుకోండి.

శుభం.