మాదీ అదే జవాబు

పరీక్ష హాల్లో పెట్టే జవాబు వేరు, బయటికొచ్చాక చెట్టు కింద చెప్పే జవాబు వేరు. మొదటిది ఎవరికి వాళ్లం ఒంటరిగా పెడతాం. రెండోది నలుగురి మొహాలు చూసి చెబుతాం. ఈ రెంటి మధ్య మనిషికి ఏమవుతుంది? చాలాకాలంగా మమ్మల్ని తొలుస్తున్న ప్రశ్న ఇది.

1986లో ఎంసెట్ మొదలయ్యాక ఇంటర్ చదివిన తరం మాది. ఇంజనీరో డాక్టరో కావాలంటే ఆ ఒక్క పరీక్షే వాకిలి. మా గల్లీ నుంచి ఆ ఏడు ముగ్గురం వెళ్లాం. ఒకరి అబ్బా సైకిళ్లు బాగుచేసేవాడు. ఒకరి అబ్బా బట్టలు కుట్టేవాడు. ఒకరింట్లో అమ్మీ బీడీలు చుట్టేది. ఇళ్లు ఇరుకు. రాత్రిళ్లు దర్గా అరుగు మీద, లైటు కింద చదువుకున్నాం. కోచింగుకు డబ్బుల్లేవు. సీనియర్లను అడిగి తెచ్చుకున్న పాత గైడ్లే మా కోచింగు.

పరీక్ష అయింది. మే నెల ఎండ. సెంటర్ బయట వేపచెట్టు కింద పదిమంది దాకా చేరాం. ఎవరికి గుర్తున్న ప్రశ్న వాళ్లు చెబుతున్నారు. ఒక ప్రశ్న దగ్గర ఆగింది వ్యవహారం. ఒక మనిషి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఒక ఊరికి వెళ్లి, అదే దారిన 60 కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చాడు. మొత్తం మీద అతని సగటు వేగమెంత? కోచింగులో చదివిన కుర్రాడు "50. ఇందులో ఆలోచించేదేముంది?" అన్నాడు. పక్కవాడు 50 అన్నాడు. ఆ పక్కవాడూ అంతే. మా వంతు వచ్చింది. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం "మాదీ అదే" అన్నాం.

ఇంటికొచ్చే బస్సులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి ఒకడు "మై తో 48 లగాయా రే" అని గొణిగాడు. రెండోవాడు ఉలిక్కిపడి "మై భీ!" అన్నాడు. మూడోవాడు పెట్టిందీ 48కే. టిక్కెట్టు వెనక లెక్క చేసి చూసుకున్నాం. ఊరు 120 కిలోమీటర్లనుకుంటే పోవడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు. 240 కిలోమీటర్లకు 5 గంటలు. గంటకు 48. అనుమానం లేదు, మాదే రైటు. కానీ చెట్టు కింద ముగ్గురం అబద్ధమాడాం.

ఎవరూ మమ్మల్ని బెదిరించలేదు. ఆ రోజు ఎవరూ 'తురకోళ్లు' అనలేదు. వాళ్లు మాతో కలిసి సోడా తాగినవాళ్లే. 48 అని ఉంటే మహా అయితే నవ్వేవాళ్లు. మరెందుకు అనలేకపోయాం?

అలవాటు. హాజరు పిలిచేటప్పుడు సారు మా పేర్లు పలకలేక నవ్వితే, క్లాసుతో పాటు మేమూ నవ్వాం. క్రికెట్ మ్యాచ్ రోజు ఎవరూ అడక్కముందే "ఇండియా" అని అందరికన్నా గట్టిగా అరిచాం. మా జట్టు ఇండియానే, అందులో అబద్ధం లేదు. కానీ ఇష్టంగా అరవాల్సింది సాక్ష్యంగా అరిచాం. 1992 డిసెంబర్‌లో హాస్టల్ గదిలో పేపర్ చుట్టూ చేరి అందరూ మాట్లాడుతుంటే, చెప్పాల్సింది గొంతులో ఉండగానే టీ తాగొస్తామని లేచిపోయాం. "ఇంట్లో కూడా తెలుగేనా?" అంటే తెలుగే అన్నాం. ఉర్దూ చదవడం రాదన్న సంగతి సాటి ముస్లింల దగ్గర దాచాం. ఎవరి ముందు ఉంటే వాళ్ల జవాబే మాదీ అయింది.

అయితే ఏంటంటారా? షీటు ఇచ్చేసి వచ్చాక చెట్టు కింద ఏం చెబితే మాత్రం మార్కు పోతుందా? ఎవరికీ నష్టం లేని అబద్ధం తప్పెలా అవుతుంది? మేమూ అలాగే సర్ది చెప్పుకున్నాం. బస్సులో గానీ తెలియలేదు నష్టం ఎవరికో. మాలో ప్రతి ఒక్కడూ తానొక్కడే 48 అనుకున్నాడు. నోరు విప్పి ఉంటే ముగ్గురమయ్యేవాళ్లం. మా మౌనం యాభైవాళ్ల బలం పెంచిందనేది చిన్నమాట. మా పక్కనున్న మావాణ్నే ఒంటరిని చేసింది. భయపడ్డవాడు తనొక్కడే మునగడు, తనలాంటి ఇంకొకణ్ని చేయి పట్టుకోనివ్వడు. తప్పు అక్కడుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఒంటరిగా ఉన్నంత మాత్రాన రైటైపోం. అదే బస్సులో కెమిస్ట్రీ ప్రశ్న ఒకదానికి ముగ్గురం ఒకే జవాబు పెట్టామని తెలిసి మురిసిపోయాం. ఇంటికెళ్లి పుస్తకం తీస్తే అది తప్పు. 'మనది' అన్న ప్రేమతో లెక్క చూడకుండా మురిశాం. ఎక్కువమంది అన్నందుకు ఒప్పూ కాదు, మనవాళ్లన్నందుకు ఒప్పూ కాదు.

ఊళ్లో మేం మైనారిటీ. గల్లీలోకి వస్తే మేమే మెజారిటీ. దూదేకుల కుర్రాణ్ని "వీళ్లకు నమాజే సరిగా రాదు" అని పెద్దవాళ్లు ఎగతాళి చేస్తే ఎవరం అడ్డు చెప్పాం? మాకంటే బాగా చదివే చెల్లెల్ని పదో తరగతితో ఆపేస్తుంటే "మాదీ అదే మాట" అన్నట్టు తలొంచుకు కూర్చున్నాం. ఆ రోజు మా గల్లీ వేపచెట్టు కింద 48 అన్నది ఆ పిల్ల ఒక్కతే.

ఇప్పుడు మా పిల్లలు రాస్తున్నారు. పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. పేరు కూడా మారింది, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అయింది. మూడు గంటలు, 160 ప్రశ్నలు. తర్వాత ప్రాథమిక కీ పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. అభ్యంతరం ఒక్కరిదైనా చాలు, కాకపోతే ఆధారం చూపించాలి. చేతులెత్తించి కీ తయారుచేయరు.

చెట్టు కిందికి మాత్రం కొత్త మాట వచ్చింది. 2007 చట్టం ముస్లింలలో వెనకబడిన కొన్ని వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. "మీకేంరా, కోటా ఉంది" అంటారు. మా పిల్లలూ మాలాగే నవ్వేసి ఊరుకుంటున్నారు. వాళ్లకు మేం ఆ పాత లెక్కే చెబుతున్నాం. పోయిన దూరం, వచ్చిన దూరం ఒక్కటే. పట్టిన కాలం ఒక్కటి కాదు. అందరికీ ఒకే పరీక్ష కదా అనేవాళ్లు దూరం చూస్తున్నారు, మెల్లగా నడిచే దారిలో గడిచిన గంటలు చూడటం లేదు. 2006లో సచార్ కమిటీ ఆ ఆలస్యాన్నే దేశం ముందు అంకెల్లో పెట్టింది.

ఇది పోట్లాట కాదు, లెక్క. అందుకే పిల్లలకు ఒక్కటే చెబుతాం. ఎవరైనా నీ జవాబెంత అంటే తలొంచకు, గొంతూ పెంచకు. "48. ఎట్లా వచ్చిందో చేసి చూపిస్తా, కూర్చో" అను. నీ లెక్కలో తప్పుంటే వాళ్లను చూపించమను. చూపిస్తే దిద్దుకో. నీ పక్కన ఇంకొకడు అదే జవాబు మింగుకుని నిలబడి ఉంటాడు. వాడు వినేటట్టు చెప్పు.